కాండీ పెరహెర, రాయవేలూరు సమాధి
(పూతలపట్టులో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఏ. బకాయిల సంగతి కార్యదర్శిగారు చెప్పేశారు. నాకు మిగిలింది యాత్ర విషయం. శ్రీలంక పోయి కాండీ ఉత్సవం చూద్దామని కొందరు సభ్యులు ఉబలాటపడుతున్నారు. నేను చూసి వచ్చినవాణ్ణి గనుక నాలుగు మాటలు చెప్పమన్నారు.

కాండీ పట్టణంలో బుద్ధ భగవానుని దంతం ఉన్న ఆలయం శ్రీ దళద మాలిగావ. ఏటా జూలై, ఆగస్టు నెలల్లో పౌర్ణమి నాటికి ముగిసేలా పది రాత్రులు జరిగే ఊరేగింపును ఎసల పెరహెర అంటారు. మొదటి ఐదు రాత్రులు కుంబల్, తర్వాతి ఐదు రాత్రులు రందోలి. రోజురోజుకూ వైభవం పెరుగుతుంది. ముందు కొరడాలు ఝళిపించేవాళ్ళు, వెనక జెండాలు, డప్పులు, నాట్యగాళ్ళు, కొబ్బరి కురిడీలు మండే కాగడాలు, పదుల సంఖ్యలో ఏనుగులు. దంతాల ఏనుగు మీద బంగారు కరండం వస్తుంటే కాళ్ళ కింద తెల్లబట్ట పరుస్తూ పోతారు. అసలు దంతం గుడి దాటి రాదు. మనకు మూలవిరాట్టు గుళ్ళో ఉంటే ఉత్సవమూర్తి వీధుల్లోకి వచ్చినట్టే. కాణిపాకం బ్రహ్మోత్సవాలు చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

రెవెన్యూలో పనిచేసినవారు ఒకటి గమనించాలి. ముందు నడిచే ఏనుగు మీద ఒక అధికారి తాటాకు పుస్తకం పట్టుకుని కూర్చుంటాడు. గుడి భూముల లెక్క అది. డప్పు కొట్టేవాడు, ఆడేవాడు, కాగడా పట్టేవాడు పూర్వం ఆ భూములు అనుభవిస్తూ అందుకు బదులుగా ఈ సేవ చేసేవారు. మన ఇనాం భూముల లాంటిదే. టూరిస్టులు కెమెరాల్లో బంధించేది ఆ ఇనాందార్ల కొలువునే. దారి పక్కన కుర్చీలు విదేశీయులకు భారీ ధరకు అమ్ముడుపోతాయి. ఆ ఊరివాళ్ళు మధ్యాహ్నం నుంచే చాపలు పరుచుకుని పిల్లలతో కూర్చుంటారు. మన సభ్యులు చాప మీద కూర్చోవడమే మేలని నా అభిప్రాయం, మోకాళ్ళు సహకరిస్తే.

దళద పెరహెర వెనక నాథ, విష్ణు, కతరగామ, పత్తిని దేవాలయాల ఊరేగింపులు వస్తాయి. కతరగామ అంటే మన సుబ్రహ్మణ్యస్వామి, పత్తిని అంటే కణ్ణగి. ఒకప్పుడు ఉత్సవం ఈ దేవతలదే. దంతధాతువును అన్నిటికంటే ముందు నడిపించిన రాజు కీర్తి శ్రీ రాజసింహుడు (1747–1782). ఆయన మధుర నుంచి వెళ్ళిన నాయకర్ వంశంవాడు. ఆ వంశం మూలం తెలుగు. 1739 నుంచి 1815 వరకు నలుగురు నాయకర్ రాజులు కాండీని ఏలారు. శైవాచారం పూర్తిగా వదలకుండానే బౌద్ధానికి పెద్దదిక్కుగా నిలిచారు. సయాం దేశం నుంచి భిక్షువులను రప్పించి, 1753లో ఆగిపోయిన ఉపసంపద దీక్షను మళ్ళీ నెలకొల్పింది కూడా కీర్తి శ్రీయే.

ఇంత అందం మధ్య ఒక బాధ. 2019లో టికిరి అనే దాదాపు 70 ఏళ్ళ ముసలి ఏనుగును ఎముకలు తేలిన ఒంటిమీద పట్టుబట్టలు కప్పి నడిపించారు. ఫోటోలు బయటికి వచ్చి ప్రపంచమంతా తిట్టింది. కొన్ని వారాలకే అది చనిపోయింది. మనకైతే రిటైర్మెంటు ఉంది, దానికి లేకపోయింది.

ఇక అసలు చెప్పదలచుకున్నది. ఆ వంశంలో చివరివాడు శ్రీ విక్రమ రాజసింహుడు. కాండీ చెరువు తవ్వించింది ఆయనే. క్రూరుడనే పేరూ ఉంది. సొంత సర్దారులే ఎదురుతిరిగారు. 1815లో ఇంగ్లీషువాళ్ళు పట్టుకుని, మరుసటి ఏడు కుటుంబంతో సహా రాయవేలూరు కోటకు పంపేశారు. 1832 జనవరి 30న అక్కడే కన్నుమూశారు. పాలారు గట్టున ఆయన సమాధి ఉంది. ముత్తు మండపం అంటారు. మనం సి.ఎం.సి. ఆసుపత్రికి పోయినప్పుడు రిపోర్టు వచ్చేదాకా కోటలో జలకంఠేశ్వరుణ్ణి చూసి వస్తాం. మండపం వైపు పోయినవారు మనలో ఎందరు?

కాండీకి పాస్‌పోర్టు కావాలి, విమానం కావాలి, పిల్లల అనుమతి కావాలి. రాయవేలూరుకు చిత్తూరులో బస్సు మారితే చాలు. ముందు అక్కడికి పోదాం. వచ్చేవాళ్ళు భోజనాల వేళలోపు కోశాధికారిగారి దగ్గర పేర్లు రాయించండి. నడవలేనివారికి వ్యాను మాట్లాడతాం.