జేబు పిస్తోలు – దాని దోషములు

1865 ఏప్రిల్ 14న వాషింగ్టనులోని ఫోర్డు నాటకశాలలో అబ్రహాం లింకనుపై పేలినది హెన్రీ డెరింజరు చేసిన జేబు పిస్తోలు. దానిలో పట్టునది ఒక్క గుండే.

అట్టి పాత పిస్తోలు పేలక మొరాయించినచో అనేకులు స్ప్రింగునే నిందింతురు. తరచు దోషము వేరొకచోట నుండును. సుత్తిదెబ్బకు రాగిటోపీలో పుట్టిన నిప్పు మందును చేరవలసిన సన్నని రంధ్రము మసితోనో త్రుప్పుతోనో పూడిపోయి యుండును.

అంతకంటె భయంకరమైనది మరియొకటి గలదు. సుత్తిని సగమెత్తి నిలుపు గాడి అరిగినచో, మీట నొక్కకయే సుత్తి జారిపడును. జేబులోని పిస్తోలు యజమానినే కాల్చును!

పాతది గదా, ఖాళీగా నుండునని నమ్మరాదు. పొడిగానున్న నల్లమందు ఏండ్లు గడచినను అంటుకొనును. కావున నేర్పరియగు పనివాడు మొదట టోపీని తొలగించి, గొట్టములో సన్నని పుల్లను దింపి, అదే పుల్లను వెలుపల ఆనించి చూచును. పుల్ల రంధ్రమున్న చోటికి చాల ఇవతలనే ఆగినచో లోపల గుండున్నదన్నమాట. అది తేలిన పిమ్మటనే మరలు విప్పును.