వృత్తిపదములు - వాని రూఢి



ఒకే తెనుగు మాటాడువారమయ్యును, ఒకరి మాట యొకరికి తెలియక నిలిచిపోవు సందర్భములు మనకు కలవు. అరక కడను, మగ్గము కడను, దస్తావేజు వ్రాయు బల్ల కడను వినవచ్చు మాటలు మన యింటి మాటలవలెనే తోచును. కాని వాని యర్థము వేరు. అట్టి వృత్తిపదములను గూర్చి నాకు అనుభవమున తెలిసివచ్చిన నాలుగు సంగతులు నేడు విన్నవించెదను.

నేను పండితపరీక్షయందు కృతార్థుడనై 1983లో ఒక పల్లె పాఠశాలకు ఉపాధ్యాయుడనుగా పోయితిని. ఒకనాటి యుదయమున ఒక వృద్ధకర్షకుడు అరక విప్పుకొని యింటికి మరలుచుండెను. "ఏమి తాతా, అప్పుడే దున్నుట మానితిరి?" అని యడిగితిని. "పదును తప్పినది, పంతులుగారూ" అనెను. నాగటి కర్రు మొద్దువారినది కాబోలునని తలచి, "కమ్మరిచేత కాల్పించి సాగగొట్టింపరాదా?" అంటిని. ఆతడు నవ్వి, చేరెడు మట్టి నా యరచేత నుంచి పిడికిలి బిగింపుమనెను. "పిడికిట ముద్ద కట్టవలెను, నేల వైచిన పొడిగా రాలవలెను. అది పదును. చేతికి అంటుకొన్నచో తడి యెక్కువ, ముద్ద కట్టకున్నచో నేల ఆరినది" అని బోధించెను. మూడక్షరముల మాటలో అంత శాస్త్రమున్నదని ఏ నిఘంటువును నాకు చెప్పియుండలేదు.

నేతపనివారి మాటలును ఇట్టివే. నలువది నెంబరు నూలుకంటె నూరు నెంబరు నూలు లావైనదని తెలియనివాడు తలచును. నిజమునకు అది మిక్కిలి సన్నము. 840 గజముల చిలపలు ఎన్ని కలిసిన ఒక పౌను తూగునో, ఆ సంఖ్యయే నూలునకు నెంబరు. నూరు నెంబరు నూలు పౌనునకు 84,000 గజములుండును. ఒక్క అంకె చెప్పినంతనే వస్త్రమెట్టిదో నేతగానికి కన్నులకు గట్టును.

కావున ఈ పదములు ఆడంబరములు కావు. పని నడుచుచుండగా విస్తరించి చెప్పుటకు వ్యవధి లేదు; తప్పుగా చెప్పిన పని చెడును. అందుచే ప్రతి వృత్తియు తన మాటలను తాను చెక్కుకొన్నది. ఈ సంపద విలువ యెరిగియే ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వారు భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వ్యవసాయపదములను, 1971లో చేనేతపదములను వృత్తిపదకోశములుగా ప్రకటించిరి.

శాస్త్రమున యోగార్థమనియు రూఢ్యర్థమనియు రెండు విధములు చెప్పుదురు. పంకజమనగా బురదలో పుట్టినది. ఇది యోగార్థము. బురదలో పుట్టినవి పెక్కు కలవు. అయినను లోకము పంకజమని తామరనే అనును. ఇది రూఢి. రూఢి యోగముకంటె బలవత్తరమని నేను పిల్లలకు ఏటేట బోధించితిని. బోధించియు ఒకచోట మరచితిని.

1991లో ఒక రైతు, కుమార్తె వివాహమునకై సొమ్ము పుచ్చుకొనుచు, రెండెకరముల మాగాణికి వ్రాసి యిచ్చు పత్రమును నాకు చూపెను. ఐదేండ్లలో సొమ్ము చెల్లించినచో పొలము మరల వ్రాసి యిత్తునని ధనికుడు నోటిమాటగా చెప్పియుండెను. పత్రమునందు "శుద్ధక్రయము" అని యున్నది. "శుద్ధమనగా దోషము లేనిది, కపటము లేనిది, సందేహింపకుడు" అని నేను అర్థము చెప్పితిని. రైతు వ్రేలిముద్ర వేసెను. 1996లో సొమ్ము కూడబెట్టి తీసికొనిపోగా ధనికుడు పత్రము చూపి వెడలగొట్టెను. వకీలుగారు మాకు తెలియజెప్పినది యిది: వారి వాడుకలో శుద్ధక్రయమనగా ఏ షరతును లేని అమ్మకము. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమునకు 1929లో చేర్చిన నియమము ననుసరించి, తిరిగి యిచ్చు షరతు ఆ విక్రయపత్రముననే వ్రాయబడకున్నచో దానిని తనఖాగా నెంచరు. నోటిమాట నిలువలేదు, పొలము పోయినది. ఆ రైతు నన్నొక్క మాటయు అనలేదు. "మీరు చదివినది సరియే గదా, అయ్యగారూ" అనెను. ఆ మాట నేటికిని నన్ను బాధించుచున్నది.

నాకు సంస్కృతము తెలియును, ఆ పదము తెలియదు. తెలియదని చెప్పుటకు సిగ్గుపడితిని. నా పాండిత్యమునకు వెల ఆ రైతు చెల్లించెను.

గ్రామములయందలి పెద్దలారా, చదువు రానివారు కాగితములు తెచ్చి మీ చేత నుంచుదురు. అందలి మాట పరిచితముగా తోచినప్పుడే ఎక్కువ జాగ్రత్త వహింపుడు. తెలియని మాట మనలను ఆపి ప్రశ్నింపజేయును. తెలిసినట్లు తోచు మాట ప్రశ్నింపనీయదు. "ఈ మాటకు మీ వృత్తియందు అర్థమేమి? రేపు మేము సొమ్ము తెచ్చినచో ఏమగును?" అని ఆ వృత్తివానినే యడుగుడు. మనము నమ్ముకొన్న మాట కాగితముపై ఎక్కడ నున్నదో వ్రేలితో చూపుమనుడు. చూపలేకున్నచో సంతకమునకు తొందర వలదు.

పదును తెలియనని చెప్పినంతనే ఆ వృద్ధుడు నాకు మట్టి చేతికిచ్చి నేర్పెను. అడిగినవానికి నేర్పువారు ప్రతి వృత్తిలోను కలరు. అడుగుట మన వంతు.

సెలవు.