ఆర్మీనియా వారి సమాధుల తోట - మన బాధ్యత

(శతవార్షికోత్సవ సందర్భమున వర్ధన్నపేట కూడికలో చేసిన ప్రసంగపాఠము)



శతవార్షికోత్సవములో మనము కట్టిన దేవాలయములను గురించి, పెట్టిన పాఠశాలలను గురించి, నడిపిన ఆసుపత్రులను గురించి చెప్పుకొంటాము. అది న్యాయమే. కాని నాకిచ్చిన ఈ కొద్ది సమయములో మనము ఎన్నడును మాట్లాడని ఒక స్థలమును గురించి మాట్లాడదలచినాను. ఊరిలో దానిని బొందలగడ్డ అంటారు. సంఘములో సమాధుల తోట అంటాము.

పితరుడైన అబ్రాహాము కనాను దేశములో ఎన్నో ఏండ్లు గుడారములలో నివసించినాడు. ఆయన అక్కడ వెల ఇచ్చి కొన్న మొదటి భూమి పంటకు కాదు, ఇంటికి కాదు. భార్యయైన శారాను పాతిపెట్టుటకు. హేతు కుమారులు ఊరకనే ఇస్తామన్నారు. ఆయన ఒప్పుకొనలేదు. ఎఫ్రోనుకు నాలుగు వందల తులముల వెండి తూచి ఇచ్చి, ఊరి గవిని వద్ద అందరి యెదుట పొలమును, గుహను, సరిహద్దులలోని చెట్లను కూడ స్థిరపరచుకొన్నాడు. పరదేశికి ఆ జాగ్రత్త అవసరమని ఆయనకు తెలుసు.

అట్లే పరదేశులుగా వచ్చి, మన తెలంగాణలోనే తమ వారిని మట్టికి అప్పగించిన చిన్న క్రైస్తవ సంఘమొకటి ఉన్నది. వారు ఆర్మీనియా వారు. హైదరాబాదు పాతబస్తీకి దక్షిణముగా ఉప్పుగూడలో వారి సమాధుల తోట ఉన్నది. రైలులో పోవువారికి ఉప్పుగూడ ఒక చిన్న స్టేషను మాత్రమే. అక్కడ ఇండ్ల మధ్యన పదిహేడవ శతాబ్దపు సిలువ గుర్తుల రాళ్లున్నవని ఎంతమందికి తెలుసు?

ఆర్మీనియా జనము నాలుగవ శతాబ్దపు ఆరంభముననే రాజుతో సహా క్రీస్తు మతమును స్వీకరించినది. ఆరస్ నది ఒడ్డున జుల్ఫా అను వారి పట్టణముండెను. పారశీక చక్రవర్తి షా అబ్బాసు 1604, 1605 సంవత్సరములలో ఆ పట్టణ ప్రజలను లేపి తన రాజధానియైన ఇస్పహాను ప్రక్కన నివసింపజేసినాడు. వారు దానికి నవ జుల్ఫా అని పేరు పెట్టుకొన్నారు. అక్కడి నుండి వర్తకులై సూరతుకు, ఆగ్రాకు, మచిలీపట్టణమునకు, గోలకొండకు వచ్చినారు. గోలకొండ వజ్రములు, మన తీరపు అద్దకపు బట్టలు ఆనాడు లోకమంతట పేరుపొందిన సరుకులు. కుతుబ్‌షాహీల కాలములో హైదరాబాదులో స్థిరపడిన ఆ వర్తకులు, వారి గురువులు కూడ ఉప్పుగూడలో నిద్రించుచున్నారు. అదే కాలపు డచ్చివారి సమాధులు కూడ అక్కడ ఉన్నవి.

1687లో ఔరంగజేబు గోలకొండను పట్టుకొన్నాడు. రాజ్యము పోయినది. కాలక్రమమున వర్తకము మద్రాసు వంటి రేవులకు మరలినది. వర్తకుల వెంట సంఘము కూడ తరలిపోయినది. చనిపోయినవారు మాత్రము తరలిపోలేరు గదా! వారు ఇక్కడనే మిగిలినారు.

ఆ రాళ్లమీది వ్రాతను చదువుట సులభము కాదు. ఆర్మీనియా లిపిని 405 ప్రాంతమున మెస్రోపు అను భక్తుడు ఏర్పరచినాడు. ఆ అక్షరములే అంకెలుగా కూడ పనిచేయును. వారి పాత శకము క్రీ.శ. 552లో మొదలగును. కనుక రాతిమీద అక్షరములను లెక్కవేయగా 1129 వచ్చినదనుకొనుడి. దానికి 551 కలిపితే 1680 అగును. ఈ లెక్క తెలియనివానికి అది గీతలు గల బండ మాత్రమే. బట్టలుతుకుటకు పనికివచ్చును, గుమ్మము ముందు మెట్టుకు పనికివచ్చును. తెలిసినవానికి అదొక తండ్రి, ఒక కుమారుడు.

తెలిసినవాడు ఒకడు వచ్చినాడు. నవ జుల్ఫాలో 1871లో పుట్టి కలకత్తాలో స్థిరపడిన మెస్రోవ్ జాకబ్ సేత్ గారు దేశమంతట తమ వారి సమాధులను వెదకి, ఆ వ్రాతలను చదివి, 1895లో ఒకసారి, 1937లో మరింత విస్తారముగా గ్రంథములు ప్రచురించినారు. వర్తకుల ధనము ఏమైనదో ఎవరికిని తెలియదు. ఆయన కాగితముమీద ఎక్కించిన పేర్లు మాత్రము నిలిచినవి.

ఇక వారి పూర్వుల ఊరి సంగతి వినుడి. పాత జుల్ఫాలో చక్కని చెక్కడపు పనిగల సిలువ రాళ్లు వేలకొలది ఉండెడివి. 1998 నుండి వాటిని పడగొట్టుట మొదలైనది. 2005 డిసెంబరులో మిగిలినవాటిని సైనికులు సమ్మెటలతో పగులగొట్టుట నది అవతల ఇరాను ఒడ్డున నిలిచినవారు చిత్రము తీసినారు. నేడు అక్కడ ఒక్క రాయి నిలిచి లేదు. మిగిలినవి పూర్వము తీసిన ఛాయాచిత్రములు, వ్రాసుకొన్న ప్రతులు. రాయి గట్టిదనుకొంటాము. కాని కొన్నిసార్లు రాతికంటె కాగితమే గట్టిది.

మరి మన సంగతి ఏమి? మా అమ్మమ్మను పాతిపెట్టిననాడు నాకు తొమ్మిదేండ్లు. తలవైపున కర్ర సిలువ నాటినారు. రెండు వర్షాకాలములకు మట్టి కుంగినది, సిలువకు చెదలు పట్టినది. ఆ తరువాత ప్రతి ఈస్టరు తెల్లవారుజామున మా అమ్మ రెండు దిబ్బల నడుమ నిలబడి, “ఇక్కడనే అనుకుంట బిడ్డా” అని కొవ్వొత్తి వెలిగించెడిది. ఒక్కొక్క ఏడు ఆ “ఇక్కడ” కొంచెము జరిగెడిది. చివరకు మా అమ్మ కూడ వెళ్లిపోయినది. ఇప్పుడు చెప్పగలవారు లేరు.

తప్పు ఇతరులదని నేననను. నేను పదకొండేండ్లు సంఘ కార్యదర్శిగా ఉన్నాను. రిజిష్టరులో బాప్తిస్మముల పుటలు నిండినవి, వివాహముల పుటలు నిండినవి. ఆ దినములు సంతోషపు దినములు గనుక అప్పటికప్పుడే వ్రాసినాము. భూస్థాపన దినమున మాత్రము పుస్తకము ఎవరికి గుర్తుండును? తరువాత వ్రాద్దామనుకొన్నాను. ఆ పుటలు తెల్లగానే ఉన్నవి. నేను కార్యదర్శిగా ఉన్న కాలములో మేమే మోసికొనిపోయి మట్టివేసినవారి పేర్లన్నియు ఈనాడు నన్ను అడిగితే చెప్పలేను.

బిషప్ అజరయ్య గారు 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించినారు. దోర్నకలులో ఆయన సమాధిని చిన్నబిడ్డ కూడ చూపగలడు. కాని మన పల్లెలలో ఇంటింటికి తిరిగి పాటలు నేర్పిన బైబిలు స్త్రీల సమాధులను చూపగలవారెవరు? రాత్రిబడిలో చదువు చెప్పిన ఉపదేశకుల సమాధులను చూపగలవారెవరు?

ఇంకొక మాట. 2018లో మన వర్ధన్నపేట పురపాలక సంఘమైనది. ఖమ్మము రోడ్డు పొడవున ఒకప్పుడు ఎకరములలో చెప్పిన భూమిని ఇప్పుడు గజములలో చెప్పుకొంటున్నారు. పల్లె పట్టణమగునప్పుడు ఊరి చివరనున్న బొందలగడ్డ ఊరి నడుమకు వచ్చును. సరిహద్దు చూపలేనివాని భూమి మొదట కుదించుకొనిపోవును. ఉప్పుగూడ ఒకప్పుడు నగరము వెలుపలనే ఉండెను.

కనుక మూడు పనులు మనవి చేయుచున్నాను. మొదటిది, పుస్తకము. ఈ ఆదివారము నుండి వృద్ధులయొద్ద కూర్చుండి, ఎవరిని ఎక్కడ ఉంచినామో అడిగి వ్రాయవలెను. వారిలో ఒక్కరు పోయినను ఒక వరుస సమాధులు పోయినట్లే. రెండవది, హద్దు. భూమి కాగితములను వెదకి, సర్వేయరుచేత కొలిపించి, నాలుగు వైపుల కడీలు పాతవలెను. అబ్రాహాము చేసినది అదియే. మూడవది, రాయి. పాలరాయి అక్కరలేదు. మన ఓరుగల్లు ప్రాంతములో నల్లరాతికి కొదువలేదు. జానెడు రాతిమీద పేరు, సంవత్సరము ఉంటే చాలును. కూలి చేసుకొనువానికి అదియు భారమైతే సంఘము భరించవలెను.

మద్రాసులో ఆర్మీనియా దేవాలయమున్నది. అక్కడ ఆ జనము దాదాపు లేరు. అయినను కలకత్తాలోని వారి సంఘము దానిని బాగుచేయించుచున్నది. ఆవరణలోని సమాధి రాళ్లు నేటికిని చదువుటకు వీలుగా ఉన్నవి. ఇది నాది అనువాడు ఒకడున్నచోట సమాధి నిలుచును.

నిద్రించినవారి పేర్లు ప్రభువునకు తెలుసును. ఆయన కొరకు మనము పుస్తకము వ్రాయనక్కరలేదు. ఈస్టరు తెల్లవారుజామున కొవ్వొత్తి పట్టుకొని వచ్చు బిడ్డ కొరకు వ్రాయవలెను. “ఇక్కడనే అనుకుంట” అని కాక, “ఇక్కడనే” అని ఆ బిడ్డ చెప్పగలుగునట్లు చేయుదము.