కఱ్ఱరెక్కల విమానములు



విమానమనగానే కోట్ల ధనము, మహా కర్మాగారములు స్ఫురించుట సహజము. ఫ్రాన్సు దేశపు 'జోడెల్' చరిత్ర యిందుకు భిన్నమైనది. 1946లో బోన్ పట్టణమున ఎడ్వార్డ్ జోలీ, ఆతని యల్లుడు జాఁ డెలెమోంటె దీనిని స్థాపించిరి. వారి పేర్ల తొలి యక్షరముల కూర్పే సంస్థ పేరు.

1948 జనవరిలో వారి తొలి విమానము 'బెబె' ఆకాశమున కెగసెను. ఒక్కరే కూర్చుండదగిన యా విమానమునకు కఱ్ఱయే యెముకలు, గుడ్డయే చర్మము; యంత్రబలము 25 అశ్వశక్తులు మాత్రమే. రెక్కల నడిమిభాగము సమముగ నుండి కొనలు పైకి వంగియుండును. దాని నిర్మాణ పటములను వారు కోరినవారికి విక్రయించిరి. పటము చదువనేర్చి, పనితనము గలవారు తమ కొట్టములలోనే విమానములు కట్టుకొనిరి.

1957లో పియెర్ రోబిన్ డిజాన్ నగరమున డెలెమోంటెతో కలసి మఱియొక సంస్థ నెలకొల్పెను. 'డీఆర్' అను గుర్తు ఆ యిరువురి పేర్లదే. 1972లో ఎగిరిన నాలుగు పీటల 'డీఆర్ 400' సైతము కఱ్ఱరెక్కలనే నిలుపుకొనెను.

కర్నూలు జిల్లా ఓర్వకల్లులో 2021లో విమానాశ్రయము వెలసినది. విమానమెక్కుటకు రుసుము కావలెను. విమాన విద్యకు తొలుత కావలసినది చదువదగిన కాగితము. చిప్పగిరి బాలుడెవడైన యంత్రశాస్త్ర గ్రంథమడిగినచో, "నీకేల?" అనక బీరువా తెఱచుటయే గ్రంథాలయ ధర్మము.