బండి మీద ఉన్నవారికి ఫోను చేస్తున్నారా?



వార్డు బయట కూర్చున్న మీరు ఈ ఉదయం నుండి ఎన్నిసార్లు ఫోను చేసి ఉంటారు? "ఎక్కడున్నావు? మందులు దొరికాయా?" అవతల మీ అబ్బాయి మోటారుసైకిలు మీద ఉంటాడు. ఫోను చేత్తో పట్టుకోలేదు, చెవిలో ఇయర్‌ఫోను ఉంది, ఏమీ కాదనుకుంటాడు.

శబ్దం రెండు చెవులకూ చేరడంలో ఉండే చిన్న తేడాను బట్టే అది ఏ వైపు నుండి వస్తున్నదో మన మెదడు గుర్తిస్తుంది. ఒక చెవి మూసినా ఆ లెక్క తప్పుతుంది. లారీ హారను వినబడుతుంది గాని, కుడి ప్రక్కనుండో ఎడమ ప్రక్కనుండో సరిగా తెలియదు. రెండు చెవులూ మూసి పాటలు పెట్టుకుంటే ఆ హారను కూడా వినబడకపోవచ్చు. బయటి చప్పుడును అణచివేసే రకాలైతే మరీ ప్రమాదం.

చేతులు ఖాళీగా ఉన్నా, మాట్లాడేవాని మనస్సు ఖాళీగా ఉండదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. మీ ప్రశ్నకు జవాబు ఆలోచించే రెండు సెకన్లలో 33 మీటర్లు! కళ్ళు తెరిచే ఉంటాయి, ఎదుట ఉన్నది మాత్రం మనస్సుకు ఎక్కదు.

2018 ఏప్రిల్ 26న ఉత్తరప్రదేశ్‌లోని కుషీనగర్ జిల్లాలో కాపలా లేని రైల్వే గేటు వద్ద రైలు బడి వ్యానును ఢీకొని 13 మంది పిల్లలు చనిపోయారు. డ్రైవరు చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉన్నట్లు అప్పుడే వార్తలు వచ్చాయి.

ఇకమీదట ఫోను చేయగానే, "బండి మీద ఉన్నావా?" అని ముందు అడగండి. అవునంటే వెంటనే పెట్టేయండి. మందులు రావడం కొంచెం ఆలస్యమయ్యేలా ఉంటే సిస్టరుగారితో చెప్పండి, మేము చూసుకుంటాం.