ఇంటి దస్తావేజులో ఎవరి పేరు?
(స్త్రీల ఆస్తి హక్కుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఇల్లు కొన్నప్పుడు దస్తావేజు రాసే ఆయన నన్ను అడగకుండానే కొనుగోలుదారు దగ్గర నా భర్త పేరు రాసేశాడు. సగం డబ్బు నాదంటే, "ఎవరి పేరైతే ఏముందమ్మా, ఇల్లు ఒకటేగా" అన్నాడు. ఏముందో ఈ రోజు మాట్లాడుకుందాం.

స్టాంపు డ్యూటీ అనగానే అది బిల్డర్ల గొడవని మనం వదిలేస్తాం. తెలంగాణలో 2021 జూలైలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు మొత్తం 6 నుంచి 7.5 శాతానికి పెరిగింది. ఆ లెక్కన 30 లక్షల ఇంటికి 2 లక్షల 25 వేలు. సాధారణంగా బ్యాంకులు దీనికి అప్పివ్వవు. కట్టలేనివాళ్ళు ధర తక్కువ చూపిస్తారు, లేదా సాదా కాగితం మీద రాసుకుంటారు. భర్త చనిపోయిననాడు, వదిలేసిననాడు ఆ కాగితం పట్టుకుని తిరిగేది స్త్రీయే. అందుకే ఈ పన్ను మన సమస్య కూడా.

ఢిల్లీలో చాలాకాలంగా స్త్రీలకు 2 శాతం తక్కువ. మహారాష్ట్ర 2021లో 1 శాతం తగ్గించింది. స్త్రీలు కొనే ఆస్తులపై సుంకం ఇంకా తగ్గించమని 2024 జూలై కేంద్ర బడ్జెట్ రాష్ట్రాలకు సూచించింది.

సంతోషమే. కానీ పన్ను మిగుల్చుకోవడానికి భార్య పేరు పెట్టి, కాగితాలు బీరువాలో పెట్టి తాళం జేబులో వేసుకునే భర్తల సంగతేమిటి? దీనికి జవాబుగా మహారాష్ట్ర, రాయితీ పొందిన స్త్రీ 15 ఏళ్ళదాకా మగవాళ్ళకు అమ్మకూడదని షరతు పెట్టింది. రక్షణ పేరుతో ఆమె అమ్ముకునే హక్కునే కుదించింది. 2023లో దాన్ని తీసేశారు. జార్ఖండ్ 2017లో 50 లక్షల లోపు ఆస్తిని స్త్రీల పేర ఒక్క రూపాయికే రిజిస్టరు చేసింది. 2020లో ఆ రాయితీ ఎత్తేసింది. దయగా ఇచ్చినది ఖజానాకు బరువనిపించిన రోజున పోతుంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986 చట్టం ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్ళకు వాటా ఇచ్చింది. అయినా పసుపు కుంకుమల పేరిట ఆ వాటాను అన్నదమ్ములకు వదిలేయడం ఆగలేదు. చట్టం కాగితం మీద, పెత్తనం ఇంట్లో.

కాబట్టి మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. రాయితీ మొదటి ఇంటికి, ఒక ధర పరిమితి లోపల ఉండాలి. లేకపోతే లాభం పెద్ద ఇళ్ళకు, ధర పెంచే బిల్డర్లకు పోతుంది. స్త్రీ పేర గానీ, ఇద్దరి పేర గానీ కొంటే వర్తించాలి. దస్తావేజు ఆమెకు చదివి వినిపించి, ఆమె చేతికే ఇవ్వాలి. స్త్రీల పేర ఎన్ని రిజిస్ట్రేషన్లు జరిగాయో ఏటా ప్రకటించాలి.

ఆ రోజు మా దస్తావేజు తిరగరాయించాను. కొత్త స్టాంపు కాగితాల ఖర్చు మేమే భరించాం. "ఏముందమ్మా" అన్న ప్రశ్నకు నా జవాబు అదే.