కరక్కాయ, పటిక, కాస్త ఓపిక

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించీ, హెల్త్ కార్డుల గురించీ మాట్లాడడానికి ఈ సభలో నాకంటె సమర్థులు చాలామంది ఉన్నారు. కార్యదర్శిగారు మొన్న ఫోను చేసి, "మీరు ఇంట్లో ఆకులూ తొక్కలూ ఉడకబెట్టి బట్టలకు రంగులు వేస్తున్నారట గదా, ఒక ఇరవై నిమిషాలు దాని గురించి చెప్పండి" అన్నారు. ముప్పైనాలుగేళ్ళు టప్పాలు రాసుకున్న గుమాస్తాకు ఇంతకంటె రంగుల విషయం ఎక్కడ దొరుకుతుంది? సరేనన్నాను.

చెప్పదలచినది ముందే చెప్పేస్తాను. చెట్టుచేమలతో బట్టకు రంగు వేయడం మనలో ఎవరైనా ఇంట్లో చేసుకోగల పని. కావలసినవి మూడు: కరక్కాయ, పటిక, ఓపిక. మొదటి రెండూ బజారులో దొరుకుతాయి. మూడోది మన వయసువారి దగ్గరే ఎక్కువ. ఒక్క తువ్వాలుకు స్వయంగా రంగు వేసినవారు, ఆ పని మీదే బతికేవారి దగ్గర ఇక బేరమాడలేరు. ఇదీ నా మనవి.

నా సర్వీసులో ఎక్కువ భాగం బందరులో గడిచింది. పక్కనే పెడన. క్యాంపు పనిమీద ఆ వైపు వెళ్ళినప్పుడల్లా కాలవ నీళ్ళలో బట్టలు జాడించేవారినీ, గట్టున ఆరేసిన అద్దకం బట్టలనూ, రాగి గంగాళాల కింద మండే పొయ్యిలనూ చూస్తుండేవాణ్ణి. 2008లో ఉద్యోగ విరమణ అయ్యాక, తీరిక దొరికింది గనుక, అక్కడివారిని అడిగి తెలుసుకుని ఇంట్లో మొదలుపెట్టాను.

ఆ బందరు బట్ట చిన్న విషయం కాదు. 1611లో ఇంగ్లీషువారి ఓడ బందరు రేవుకు చేరేటప్పటికే డచ్చివారు అక్కడ వ్యాపారం చేస్తున్నారు. మన అద్దకం బట్టలు పర్షియాకూ, ఐరోపాకూ వెళ్ళేవి. అక్కడివారు ఎంత మోజుపడ్డారంటే, తమ నేతగాళ్ళ బతుకు పోతోందని 1686లో ఫ్రాన్సు, ఆ తరువాత 1700లోనూ 1721లోనూ ఇంగ్లండు చట్టాలు చేసి మన దేశపు బట్టలను అడ్డుకోవలసి వచ్చింది. ఉతికినా పోని ఎరుపు వారికి వింత. మన తీరపు ఇసుక నేలల్లో పెరిగే చిరివేరు నుంచి ఆ ఎరుపు వచ్చేది.

తరువాత కథ మారింది. 1856లో పెర్కిన్ అనే పద్దెనిమిదేళ్ళ ఇంగ్లీషు కుర్రవాడు క్వినైన్ చేయబోతే ఊదారంగు వచ్చింది. 1869 నాటికి వేరులోని ఎరుపును కూడా రసాయనశాలలో తయారుచేశారు. 1897లో జర్మనీ నుంచి కృత్రిమ నీలిమందు బజారులోకి వచ్చింది. దాంతో వేళ్ళు తవ్వేవారికీ, నీలి పండించేవారికీ పని పోయింది. నేను రసాయన రంగులను తిట్టడానికి రాలేదు. పేదవాడి పిల్లకు పండగనాడు తక్కువ ధరకు రంగు గౌను దొరికిందంటే వాటి పుణ్యమే. అయితే కొన్ని ఎజో రంగులు విడిపోయి క్యాన్సరు కలిగించే పదార్థాలను ఇస్తాయని తేలాక, 1994లో జర్మనీ, 1997లో మన దేశం అటువంటివాటిని నిషేధించాయన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఇక పనిలోకి వద్దాం. కొత్తగా మొదలుపెట్టేవారు ముందు రంగు గురించి ఆలోచిస్తారు. అసలు పనంతా రంగుకు ముందే ఉంది. నూలుబట్టకు చెట్టు రంగు తనంతట తాను అంటదు. బట్టకూ రంగుకూ మధ్య ఒకరు పూచీ ఉండాలి. ఆ పూచీదారు పటిక. పటిక నూలుకు బాగా పట్టాలంటే దానికి ముందు కరక్కాయ వగరు ఉండాలి. పటిక పెట్టని రంగు సంతకం లేని ఉత్తర్వు వంటిది. చూడడానికి బాగానే ఉంటుంది గాని చెల్లదు. మొదటి ఉతుకులోనే తేలిపోతుంది.

నేను చేసే పద్ధతి చెబుతాను. రాసుకునేవారు రాసుకోవచ్చు. లెక్క అంతా పొడిబట్ట తూకం మీద. ఉదాహరణకు రెండు చేనేత తువ్వాళ్ళు కలిపి 200 గ్రాములు అనుకుందాం.

మొదటిరోజు గంజి పోగొట్టాలి. కుంకుడుకాయ రసంలోగాని, కాస్త చాకలిసోడా వేసిన నీళ్ళలోగాని గంటసేపు ఉడకబెట్టి జాడించాలి. కొత్త బట్టయితే ఆ నీళ్ళు టీ డికాక్షను రంగులోకి వస్తాయి. ఆ మడ్డి పోకపోతే రంగు మచ్చలు మచ్చలుగా పడుతుంది.

రెండోరోజు కరక్కాయ. 40 గ్రాముల పొడిని గోరువెచ్చని నీళ్ళలో కలిపి, బట్ట మునిగేటట్టు రాత్రంతా నానబెట్టాలి. పొద్దున్నే పిండి, జాడించకుండా ఎండలో ఆరేయాలి. బట్ట లేత పసుపుగా మారుతుంది. శ్రీకాళహస్తిలో కలంతో బొమ్మలు వేసేవారు ఈ కరక్కాయ నీళ్ళలో గేదెపాలు కూడా కలుపుతారు. పాలలోని కొవ్వు వల్ల గీసిన గీత చెదరకుండా నిలుస్తుంది. ఒకే రంగులో ముంచే మనకు పాలు అక్కరలేదు.

మూడోరోజు పటిక. 30 నుంచి 40 గ్రాములు వేడినీళ్ళలో కరిగించి, చల్లని నీళ్ళు చేర్చి, మళ్ళీ రాత్రంతా నానబెట్టాలి. తెల్లవారి పిండి ఆరేసి, రంగు వేసే ముందు ఒక్కసారి జాడించాలి.

నాలుగోరోజు రంగు. ఎండిన దానిమ్మ తొక్కలు 100 గ్రాములు గంటసేపు మరగబెట్టి, వడకట్టి, ఆ నీళ్ళలో తడిబట్ట వేసి సన్నని సెగ మీద ముప్పావుగంట నుంచి గంటదాకా ఉంచాలి. అప్పుడప్పుడు కర్రతో తిప్పుతూ ఉండాలి. దించాక ఆ నీళ్ళలోనే చల్లారనివ్వాలి. ఆవపిండి వంటి పసుపు వస్తుంది. ఇదే తీరుగా ఉల్లిపొట్టుతో బంగారు ఛాయ, బంతిపూలతో నిండు పసుపు వస్తాయి. మూలికల దుకాణంలో దొరికే మంజిష్ఠతో ఎరుపు వస్తుంది. మంజిష్ఠను మాత్రం మరీ మరగనివ్వకూడదు. మరిగితే గోధుమ ఛాయకు తిరుగుతుంది.

ఐదోరోజు జాడించి నీడన ఆరేయాలి. వారంరోజుల దాకా సబ్బు తగలనివ్వకూడదు. ఆ తరువాత కూడా కుంకుడుకాయతో ఉతికితే మంచిది.

నలుపు కావాలనేవారు ఒక మట్టికుండలో తుప్పుపట్టిన మేకులు, బెల్లం, నీళ్ళు వేసి పదిహేను ఇరవైరోజులు పులియబెట్టుకోవాలి. మూత బిగించకూడదు, గాలి పోవాలి. కరక్కాయ పెట్టిన బట్ట ఈ ఇనుప నీళ్ళు తగలగానే మన కళ్ళముందే నల్లబడుతుంది. ఇందులో మన గుమాస్తాలకు పాత చుట్టరికం ఉంది. పూర్వం రాతకు వాడిన నల్లసిరాను కరక్కాయ, అన్నభేది కలిపి కాచేవారు. అన్నభేది అంటే ఇనుము నుంచి వచ్చిన లవణమే. కాళహస్తి కలానికీ మన పూర్వీకుల కలానికీ సిరా ఒకటే నన్నమాట. దానిమ్మ పసుపు వేసిన బట్టను పలచని ఇనుప నీళ్ళలో ఒక్క నిమిషం ముంచితే ముదురు బూడిద ఆకుపచ్చ వస్తుంది. ఇనుము ఎక్కువైతే బట్ట కొన్నాళ్ళకు చిరుగుపడుతుంది. గరిటెతో కొలిచి వాడాలి.

ఆఫీసు అలవాటు పోదు గనుక ఒక రిజిస్టరు పెట్టాను. ప్రతి రంగుకూ వరస నంబరు, తేదీ, తూకాలు, ఒక గుడ్డముక్క. ఆ ముక్కలో సగం అట్టతో మూసి, మిగతా సగాన్ని రెండువారాలు కిటికీలో ఎండకు పెడతాను. రెండు సగాలూ ఒకే తీరుగా ఉంటే రంగు ప్యాసయినట్టు. పసుపుకొమ్ము రంగు ఈ పరీక్షలో నిలవలేదు. ఎండకు వెలిసిపోతుంది, సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. మన ఆడవాళ్ళు పారాణికి పసుపులో సున్నం కలిపేది అందుకే. బీటురూటు, మందారం కూడా చూడడానికే గాని నూలుమీద నిలవవు. దానిమ్మ తొక్క, మంజిష్ఠ, ఇనుప నలుపు నమ్మదగినవి.

మూడు జాగ్రత్తలు. రంగు గిన్నెలు వేరు, వంట గిన్నెలు వేరు. పొరపాటున కూడా కలపకూడదు. స్టీలు గిన్నె మంచిది, ఇనుప మూకుడు రంగును నల్లబరుస్తుంది. రెండు, చెట్టు రంగు అన్నంతమాత్రాన అన్నీ నిరపాయం కావు. రంగు ఇంకా మెరవాలని కొందరు మైలుతుత్తం, క్రోమియం లవణాలు వాడతారు. అవి విషాలు. ఇంట్లో వాటి జోలికి పోవద్దు. మూడు, నీళ్ళు. ఈ పని నీళ్ళు తాగుతుంది. పటిక నీళ్ళను ఒక్కసారికే పారబోయకుండా, కొంచెం పటిక చేర్చి మళ్ళీ వాడుకోవచ్చు.

ఇక ఒక ఇంటి సంగతి చెప్పడానికి అనుమతించండి. మా అక్కయ్య నాకంటె ఎనిమిదేళ్ళు పెద్ద. నాకు ఉద్యోగం వచ్చిన 1974లోనే మా బావగారు పోయారు. అప్పటికి ఆమెకు ముప్పైరెండేళ్ళు. అప్పటి ఇళ్ళల్లో పద్ధతి మీకు తెలిసిందే. ఆనాడు కట్టిన తెల్లచీర మళ్ళీ మార్చలేదు. కొన్నేళ్ళుగా మా దగ్గరే ఉంటున్నది. నేను రంగులు వేస్తుంటే మొదట దూరంగా కూర్చుని చూసేది. తరువాత ఉల్లిపొట్టు ఏరిపెట్టేది. ఆ తరువాత తూకం పని పూర్తిగా ఆమెదే అయింది. నా చేతి తూకం మీద ఆమెకు నమ్మకం లేదు.

మూడేళ్ళ క్రితం ఒకరోజు తన నేతచీర ఒకటి మడతపెట్టి తెచ్చి, తక్కెడ పక్కన పెట్టింది. ఏమీ అనలేదు. మా ఆవిడే, "ఏ రంగు వేయమంటారు వదినా?" అని అడిగింది. "ముదురు వద్దమ్మాయ్. ఆ దానిమ్మ తొక్కది వేయమను" అంది. చీర అరకిలో తూగింది. పళ్ళరసం దుకాణం అబ్బాయిని అడిగితే పారేసే తొక్కలు గోనెసంచీడు ఇచ్చాడు. తొక్కలు ఎండడానికి వారం, రంగు పనికి ఐదురోజులు. చీర తయారయ్యాక కూడా ఆమె వెంటనే కట్టలేదు. నాలుగునెలలు పెట్టెలో ఉంచింది. మేమూ అడగలేదు.

ఆ కార్తీకంలో మా ఇంట్లో సత్యనారాయణ వ్రతంనాడు కట్టుకుని వచ్చి కూర్చుంది. పేరంటానికి వచ్చినవారిలో ఒకావిడ కొంచెం ఎగాదిగా చూసి, "రంగుచీరా పిన్నిగారూ?" అంది. "పారేసే తొక్కల రంగేనమ్మా. మా తమ్ముడు వేశాడు, నేను తూచాను" అని మా అక్కయ్య ప్రసాదం పంచడంలో పడిపోయింది. ఇప్పుడు ఆమె దగ్గర అటువంటివి మూడు చీరలున్నాయి. నా రిజిస్టరులో 41, 46, 52 నంబర్లు.

చివరగా బేరం సంగతి. ఒక తువ్వాలుకు ఒక్క రంగు వేయడానికి నాకు ఐదురోజులు పట్టింది. కాళహస్తి కలంకారీ చీరలో నలుపు, ఎరుపు, పసుపు, నీలం ఉంటాయి. ఒక్కొక్క రంగుకూ మళ్ళీ గీయడం, ముంచడం, ఉతకడం, ఆరేయడం. మబ్బు పట్టిందంటే పని ఆగిపోతుంది. నీళ్ళు సరిగా లేకపోతే రంగు మారుతుంది. అందులో పడే కరక్కాయ, పటికల ఖరీదు ఏపాటిది? మనం డబ్బిచ్చేది ఆ మనిషి రోజులకు. ఎగ్జిబిషన్లలో మన తోటివారే, "పక్క స్టాలులో ఇదే డిజైను నాలుగోవంతు ధరకు ఇస్తున్నాడే" అని అడగడం చాలాసార్లు విన్నాను. ఆ పక్క స్టాలులోది మరమీద తెరతో అచ్చువేసిన రసాయన రంగు బట్ట. కొనడం తప్పేమీ కాదు. కాని రెండింటినీ ఒకే కాటాలో వేయకూడదు. పనిరోజుకు తగిన కూలి కోసం మనం ధర్నాలు చేశాం, పే కమిషన్లకు అర్జీలు పెట్టుకున్నాం. ఎదుటివాడి పనిరోజును లెక్కగట్టేటప్పుడు కూడా ఆ న్యాయమే ఉండాలి గదా.

కార్యదర్శిగారు మన భవనం పెరట్లో ఒక పొయ్యికి అనుమతి ఇచ్చారు. వచ్చేనెల పెన్షను పడిన తరువాతి సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ ఉదయం ఒక గంట పని చేద్దాం. ప్రతివారూ ఒక పాత తెల్ల తువ్వాలు, ఇంట్లో పారేసే ఉల్లిపొట్టు తెచ్చుకోండి. కరక్కాయ, పటిక నేను తెస్తాను. తూకానికి మా అక్కయ్య వస్తానంది. ఆలస్యంగా వచ్చినవారిని ఊరుకోదని ముందుగానే మనవి చేస్తున్నాను.